పెరటి కోళ్లు, జీవాలు – పొరుగింటి కుక్క: ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మానవుడు మచ్చిక చేసిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. గొర్రె, మేక, కోడి ఆ తరువాత వేల సంవత్సరములకు అతని ఇంటికి వచ్చినవి. ముందు వచ్చినది కావలి కాయుటకు వచ్చినది. వెనుక వచ్చినవి కడుపు నింపుటకు వచ్చినవి. ఒకే యజమాని వాకిటిలో ఇవన్నియు కలిసి బ్రతుకుట కష్టము కాదు. కాని కోడి ఒకరిది, కుక్క మరియొకరిది అయి, రెండింటి నడుమ ఒక పిట్టగోడ మాత్రమే ఉన్నపుడు చిక్కు మొదలగును. ఆ చిక్కును గూర్చి విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు మా ఇంటిలో జరిగిన ఒక చిన్న సంఘటన కారణము. ఒక రాత్రి పొరుగింటి కుక్క గోడ దూకి వచ్చి, గంప క్రింద పొదుగుచున్న కోడిని చంపినది. పదకొండు గుడ్లు పగిలినవి. ఆ పిల్లలను పెంచి అమ్మి, తమ్మునికి పుస్తకములు కొనవలెనని మా అమ్మ అనుకొని యున్నది. తెల్లవారగానే మాటకు మాట పెరిగినది. "మీ కోళ్లు మా వాకిట్ల ఎండబోసిన జొన్నలు తింటలేవా?" అని పొరుగాయన అడిగినాడు. "అన్నంల పురుగుల మందు కలిపి పెడితే నీ కుక్క మళ్ల రాదు" అని మా నాయన అన్నాడు. అపుడు వీధి చివరి ఇంటి పెద్దవ్వ వచ్చి, ఇద్దరి మాటలు విని, ఇట్లు చెప్పినది: "గంప మీద రాయి పెట్టకపోవుడు నీ తప్పు. కుక్కను కట్టేయకపోవుడు నీ తప్పు. ఎవరి తప్పు వాళ్లు దిద్దుకుంటే కొట్లాటెందుకు బిడ్డా?"

చదువు రాని ఆ పెద్దవ్వ మాటలో పశువైద్యము, ధర్మశాస్త్రము, చట్టము మూడును ఇమిడి యున్నవని తరువాత చదివినకొద్దీ నాకు తెలిసినది.

పెరటి సంపద విలువ

మక్తల్ పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరినది. దక్షిణమున కృష్ణా నది పారుచున్నను, పడమట కర్ణాటక సరిహద్దు వరకు గల మెట్ట పొలములలో వాననే నమ్ముకొన్న సేద్యము ఇప్పటికిని విస్తారముగ కలదు. వాన తప్పిన యేడు ఇంటిని ఆదుకొనునవి జీవాలే. 2019 పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో దేశమునందు మొదటి స్థానము తెలంగాణది. ఆ సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. పెద్ద మందలు గొల్ల, కురుమ సోదరులవి కాగా, రెండు మేకలు, పది కోళ్లు పేదవారందరి ఇండ్లలోను కనిపించును. వాటిని చూచుకొనునది సామాన్యముగ ఇంటి ఆడవారు. ఆ డబ్బు వారి చేతి డబ్బు. బ్యాంకు పుస్తకము లేని తల్లికి కోళ్ల గూడే బ్యాంకు.

ఈ సంపద నిదానముగ పెరుగును. కోడి గుడ్లను 21 దినములు పొదుగవలెను. మేక చూలు సుమారు 150 దినములు మోయవలెను. చూలుతో నున్న మేకను కుక్క కరవకున్నను, కొంత దూరము తరిమినచో చాలు; బెదరి ఈచుకొనిపోవచ్చును. అయిదు నెలల ఫలము అయిదు నిమిషములలో పోవును. కావున ఇట్టి నష్టమును "ఒక కోడి పోయిన మాత్రమున ఏమి" అని తేలికగ చూడరాదు.

కుక్క ఏల చంపును?

"మా కుక్క కడుపునిండ తినును, అది మీ కోడిని ముట్టదు" అని యజమానులు చెప్పుట సాధారణము. ఆ మాటలో అబద్ధము లేకపోవచ్చును గాని జ్ఞానము లేదు. వేటలో కొన్ని మెట్లు కలవు: చూచుట, పొంచుట, తరుముట, పట్టుట, చంపుట, తినుట. అడవి జంతువు ఆకలితో ఈ మెట్లన్నియు వరుసగ ఎక్కును. ఇంటి కుక్కలో తినుట అను కడపటి మెట్టు లేకున్నను, తరుముట, పట్టుట అను మెట్లు నిలిచియున్నవి. పరుగెత్తు దానిని చూడగానే అవి మేల్కొనును. అందుచేతనే ఒక్క కుక్క పది కోళ్లను చంపి ఒక్కదానినైనను తినకుండ పోవును. ఇది దాని దుర్మార్గము కాదు, స్వభావము. రెండు మూడు కుక్కలు కూడినపుడు ఈ స్వభావము ఇంకను రెచ్చిపోవును. ఒకమారు రుచి మరిగిన కుక్క ఆ త్రోవను మరవదు.

అయితే స్వభావమును అలవాటుతో మలచవచ్చును. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు సుమారు పన్నెండవ వారము వరకు గల కాలము ముఖ్యమైనది. ఆ వయస్సులో ఏ ప్రాణుల నడుమ పెరుగునో వాటిని తనవిగా భావించును. మందలో పుట్టి పెరిగిన కాపరి కుక్క గొర్రెను కరవక, తోడేలును ఎదిరించుటకు కారణమిదియే. కుక్కపిల్లను తెచ్చుకొన్నవారు దానిని చిన్ననాడే కోళ్ల వద్దకు త్రాడు పట్టి తీసికొనిపోయి, నెమ్మదిగ నున్నపుడు మెచ్చి, తరుమబోయినపుడు నిలువరించినచో, తరువాతి తగవులు చాలవరకు తప్పును.

నింద మోపుటకు ముందు నేరస్థుని గుర్తింపవలెను. అనేకమైన కోళ్లు చచ్చి, తినబడక, ఈకలు వాకిలంతయు చెదరియున్నచో అది సాధారణముగ కుక్క పని. ఒక కోడి మాత్రమే మాయమైనచో పిల్లినో, నక్కనో అనుమానింపవలెను. మేకకు వెనుక కాళ్లు, తొడలు, చెవులు చీలి పెక్కు గాయములున్నచో కుక్కను, మెడ వద్ద పట్టు కనిపించినచో చిరుత వంటి మృగమును తలంపవలెను. బురదలో అడుగుజాడ చూడుడు: కుక్క అడుగులో గోళ్ల గుర్తులుండును, పిల్లి జాతి అడుగులో సామాన్యముగ ఉండవు. ఈ పరీక్ష చేయక పొరుగువారి కుక్కను నిందించుట న్యాయము కాదు.

గూడు, కొట్టము కట్టుకొను విధము

రక్షణలో మొదటి భాగము జీవాల యజమానిది. పగలు తిరుగు కోడిని ఎవరును కట్టివేయలేరు. కాని రాత్రి మూయుట మన చేతిలోని పని. గంప పిల్లలకు కాకి, గద్దల నుండి రక్షణయే గాని కుక్కకు అడ్డు కాదు. ఈ క్రింది విషయములు గమనింపదగినవి.

1. గూడును నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున, కర్ర లేక రాతి కాళ్లపై నిలుపవలెను. రాత్రి పడకకు నాటు కోడికి ఒక చదరపు అడుగు చాలును. వనరాజ, గ్రామప్రియ వంటి బరువైన జాతులకు మరికొంత కావలెను. గాలి ఆడునట్లు పైభాగమున జాలి ఉండవలెను.

2. సన్నని షట్కోణపు కోళ్ల జాలి కోడిని లోపల ఉంచుటకే గాని కుక్కను బయట ఆపుటకు చాలదు. కుక్క పండ్లతో దానిని చింపగలదు. వెల్డు చేసిన ఇనుప జాలి మేలు.

3. కుక్క గోడ దూకుట కంటె క్రింద త్రవ్వుట ఎక్కువ. కావున కంచె అడుగున ఒకటిన్నర అడుగు వెడల్పు జాలిని బయటి వైపునకు నేలపై పరచి, దానిపై షాబాదు బండల ముక్కలనో, రాళ్లనో పేర్చవలెను. త్రవ్వవలసిన చోట రాయి తగిలినచో కుక్క విసిగి మరలును.

4. మేకల కొట్టపు గోడ అయిదు అడుగులకు తక్కువ కారాదు. గోడపై సర్కారు తుమ్మ కంపను ముండ్లు బయటి వైపునకు వంగునట్లు అమర్చుట మన ప్రాంతమున తాతల నాటి పద్ధతి, ఖర్చు లేనిది.

5. తలుపునకు పైన ఒక గొళ్లెము, క్రింద ఒక గొళ్లెము ఉండవలెను. క్రింద సందు దొరికినచో కుక్క మూతి దూర్చి తలుపును వంచును.

6. కోసిన కోళ్ల పేగులు, జీవాల కాలేయము, ఊపిరితిత్తుల ముక్కలు ఆరుబయట పారవేయరాదు. పండుగలకు, జాతరలకు, పెండ్లిండ్లకు ఇది మరీ ముఖ్యము. కుక్కలకు రుచి మరపునది మనమే. అంతేగాక, గొర్రె అవయవములలోని నీటి తిత్తులను తిన్న కుక్క కడుపులో బద్దె పురుగు పెరుగును. దాని గుడ్లు కుక్క మలము ద్వారా గడ్డిపై పడి తిరిగి గొర్రెకును, నీటి ద్వారా మనుష్యునికిని చేరి, కాలేయములో తిత్తులు కట్టించును. లోతుగ గొయ్యి త్రవ్వి పూడ్చుటయే దీనికి మందు.

కాటు పడిన పిదప

కుక్క కరచిన జీవమునకు గాయము కంటె పెద్ద భయము వెర్రి రోగము. ఆ రోగ లక్షణములు బయటపడిన పిదప చికిత్స లేదు. ముందు జాగ్రత్తకు మాత్రము నూటికి నూరు పాళ్లు విలువ కలదు. లూయీ పాశ్చర్ 1885 జూలైలో ఒక బాలునికి మొదటిసారి టీకా వేసి ఈ మార్గము చూపినాడు.

కాటు పడిన వెంటనే సబ్బుతో, పారు నీటితో పదిహేను నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, కాల్చిన నూనె పూయరాదు. కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. లేనిచో ప్లాస్టిక్ సంచియైనను చుట్టుకొనవలెను. ఆనాడే పశువైద్యుని చూపి, కాటు తరువాతి టీకాలు వేయింపవలెను. అవి సామాన్యముగ 0, 3, 7, 14, 28 దినములలో వేయుదురు. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. రోగ లక్షణములు కనిపించిన పశువు పాలు త్రాగరాదు. చనిపోయిన జీవమును పారవేయక, సున్నము చల్లి లోతుగ పాతిపెట్టవలెను. మనుష్యునికి కాటు పడినచో, గాయము చిన్నదైనను, ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే పోవలెను.

ధర్మశాస్త్రములు చెప్పినది

పశువు చేసిన కీడునకు యజమాని ఎంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్న మనకంటె చాల పాతది. యాజ్ఞవల్క్య స్మృతిలో కోరలు గల, కొమ్ములు గల పశువులు ఒకని బాధించుచుండగా, ఆపగల శక్తి యుండియు యజమాని ఆపకున్నచో దండుగ విధింపబడినది. బాధితుడు కేక వేసినను కదలకున్నచో ఆ దండుగ రెట్టింపగును. ఈ స్మృతికి మితాక్షర అను ప్రసిద్ధ వ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున, మనకు దూరము కాని కల్యాణ నగరమున ఉన్నవాడు.

పవిత్ర ఖురాన్‌లో దావూద్, సులైమాన్ ప్రవక్తల యెదుటకు వచ్చిన ఒక తగవు కలదు: ఒకరి గొర్రెలు రాత్రివేళ మరియొకరి చేనిలో పడినవి. చేను పాడైన వానికి చేను బాగుపడువరకు గొర్రెల పాలు, ఉన్ని అనుభవించుటకు ఇచ్చి, గొర్రెల యజమాని చేత చేను బాగుచేయింపవలెనని సులైమాన్ తీర్పు చెప్పినట్లు వ్యాఖ్యాతలు వివరించినారు. పగలు తోటను కాచుకొనుట తోటవాని పని, రాత్రి పశువును కాచుకొనుట పశువుల వాని పని అని ఒక హదీసు విభజించినది. బైబిలులోని నిర్గమ కాండము, పొడుచు అలవాటు గలదని తెలిసియు కట్టివేయని ఎద్దు మరియొకని ఎద్దును చంపినచో, ఎద్దుకు ఎద్దు ఇవ్వవలెనని శాసించినది.

ఈ మూలములను కలిపి చూచినచో రెండు సూత్రములు కనిపించును. కావలి ఇరువురి మధ్య పంచబడినది; తెలిసిన తరువాత ఊరకుండుట పెద్ద తప్పు. కావున మొదటి నష్టము కలిగినపుడే, కోపము లేకుండ, ఇద్దరు పెద్దల యెదుట పొరుగువానికి తెలియజేయుట మన కర్తవ్యము. తెలియజేసిన నాటి నుండి అతనికి "నాకు తెలియదు" అను మాట లేదు.

నేటి చట్టము

బందెలదొడ్డి మన గ్రామములకు తెలిసినదే. చేనిలో పడిన పశువును అందులో పెట్టి, దండుగ కట్టించుకొని విడుతురు. కాని బ్రిటిష్ ఇండియాలో 1871లో చేసిన పశువుల అతిక్రమణ చట్టము ఏనుగు, ఒంటె మొదలు పంది, మేకపిల్ల వరకు లెక్కించినను కుక్కను లెక్కింపలేదు. ఇంగ్లండులో కుక్క స్వభావము యజమానికి ముందే తెలియునని రుజువు చేయవలసిన నియమమును గొర్రెలు, పశువుల విషయమున 1865లో తొలగించినారు. మన దేశమున నష్టపరిహారము కోరి సివిల్ న్యాయస్థానమునకు పోవచ్చును గాని, కోడి వెల కంటె వ్యాజ్యపు ఖర్చు ఎక్కువ. రుసుము లేని లోక్ అదాలత్ మేలైన మార్గము. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము వ్యాజ్యము వేయకముందే అచట రాజీ చేసికొనవచ్చును.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను, మనుష్యులకు ప్రమాదము కలుగునట్లు పశువును అజాగ్రత్తగ ఉంచిన వానిని శిక్షించును. అదే సంహిత 325వ సెక్షను జంతువును చంపుట, విషము పెట్టుట, అంగహీనము చేయుట నేరమని చెప్పి, అయిదేండ్ల వరకు జైలుశిక్షను నిర్ణయించినది. అనగా అన్నములో మందు కలిపినవాడు, కోడి పోగొట్టుకొన్న ఫిర్యాదుదారు స్థానము నుండి ముద్దాయి స్థానమునకు మారును. ఆ మందు ముద్దను కుక్కయే తినునన్న నమ్మకము లేదు. మన కోడియే తినవచ్చును, ఆడుకొను పసివాడు ముట్టవచ్చును.

1960 నాటి జంతు హింసా నిరోధక చట్టము మరియొక వైపును చూపినది. కుక్కను మిక్కిలి కురుచ గొలుసుతో అదే పనిగ కట్టియుంచుట, ఎల్లపుడు కట్టియుంచిన కుక్కను త్రిప్పకుండుట కూడ నేరములే. కావున రాత్రి కట్టుట, ఉదయము సాయంకాలము త్రాడు పట్టి త్రిప్పుట, వేళకు అన్నము పెట్టుట యజమాని ధర్మము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు పెంపుడు కుక్కకు టీకా, సంతాన నిరోధక శస్త్రచికిత్స బాధ్యతను యజమానిపై ఉంచినవి. వీధి కుక్కల విషయమున ఆ పని స్థానిక సంస్థలది.

పొన్నకల్ నేర్పిన పాఠము

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అను సామెత అందరికి తెలిసినదే. ఆ సామెతను నమ్ముకొన్నచో ఏమగునో పూర్వపు మన జిల్లాయే చూచినది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలము పొన్నకల్ గ్రామమున, రాత్రివేళ కారులో వచ్చిన మనుష్యులు సుమారు 20 వీధి కుక్కలను తుపాకితో కాల్చి చంపినారు. మరికొన్ని గాయపడినవి. తరువాతి నెలలో పోలీసులు ముగ్గురిని అరెస్టు చేసి, తన పెంపుడు కుక్కను వీధి కుక్కలు చంపినవన్న కోపముతో ఒకడు మిత్రులతో కూడి ఈ పని చేసినాడని ప్రకటించినారు.

పెంచిన ప్రాణి పోయిన దుఃఖము నిజమైనదే. కాని ఆ దుఃఖము తుపాకి పట్టిన నాడు దోషి, నిర్దోషి అను భేదము పోయినది. నిద్రించు ఊరిలో గుండ్లు పేలినవి. పోయిన ప్రాణి తిరిగి రాలేదు. ఇట్లు పెద్ద ఎత్తున చంపుటవలన ఊరికి శాశ్వత రక్షణయు లేదు. చెత్త, మాంసపు ముక్కలు దొరకు చోటికి కొన్నాళ్లలో క్రొత్త కుక్కలు, టీకా లేనివి, వచ్చి చేరును.

మనము చేయగలిగినది

ఉర్దూలో పొరుగువానిని హమ్‌సాయా అందురు. ఒకే నీడలో ఉన్నవాడని దాని అర్థము. తెలుగులో ఇరుగు పొరుగు అని జంటగానే పలుకుదుము. రెండు భాషలు చదువుకొను మన విద్యార్థులు ఈ రెండు మాటల అర్థమును వీధిలోనికి తీసికొనిపోగలరు.

కళాశాల కమిటీ వారి పరిశీలనకు మూడు మనవులు. జాతీయ సేవా పథకము ప్రత్యేక శిబిరములలో ఒక దినమును పెంపుడు కుక్కల టీకా శిబిరమునకు, పశువైద్యశాఖ వారి తోడ్పాటుతో, కేటాయింపవలెను. తక్కువ ఖర్చుతో ఒక మాదిరి కోళ్ల గూడును విద్యార్థుల చేత కట్టించి, ఆవరణలో ప్రదర్శింపవలెను. కాటు పడినపుడు చేయవలసిన పనులను తెలుగు, ఉర్దూ భాషలలో ఒకే కాగితముపై అచ్చు వేసి ఇంటింటికి పంచవలెను. వీధులలో పారవేయు మాంసపు వ్యర్థములను గూర్చి, వీధి కుక్కల శస్త్రచికిత్సలను గూర్చి పురపాలక సంఘమునకు విద్యార్థులే వినతిపత్రము వ్రాసినచో, అది వారికి పౌరశాస్త్ర పాఠము కూడ అగును.

మా ఇంటి తగవు ఎట్లు ముగిసినదో చెప్పి విరమించెదను. పెద్దవ్వ మాట విన్న తరువాత ఇద్దరును కొంతసేపు మాటాడలేదు. ఆ వారము మా నాయన రాళ్లు తెచ్చి, కాళ్లు పెట్టి, రెండు గొళ్లెముల గూడు కట్టినాడు. పొరుగాయన కుక్కకు పొడవైన గొలుసు కొని, చీకటి పడగానే కట్టుట మొదలుపెట్టినాడు. తరువాతి అంగడి నాడు ఆయన ఒక పెట్టను చంకన పెట్టుకొని వచ్చి, ఏమియు అనకుండ మా అమ్మ చేతిలో పెట్టినాడు. ఆ పెట్ట పిల్లలను చేసినది. పగలు ఆ పిల్లలు ఇప్పటికిని గోడ దాటి ఆయన వాకిట్లో జొన్నలు ఏరుకొనును. ఆయన "హుష్" అని మాత్రము అనును.